మా బాల్కనీలో ఉడికిన చేప

మా పాపకు పద్నాలుగు నెలలు నిండిన వారంలోనే నా భార్య మళ్ళీ పనిలో చేరింది. ఆమె సినిమాల్లో కాస్ట్యూమ్ విభాగంలో పనిచేస్తుంది. షూటింగ్ ఉంటే పొద్దున్నే బండి వచ్చి తీసుకెళ్ళిపోతుంది. నాది డబ్బింగ్ చెప్పే పని. పిలిస్తే జూబ్లీహిల్స్‌లో ఏదో ఒక స్టూడియోకి వెళ్తాను, లేకపోతే కృష్ణానగర్‌లో మా రెండు గదుల ఇంట్లోనే ఉంటాను. అందుకని పాపను చూసుకోవడం నా వంతయింది. మాతో అమ్మ ఉంటుంది. నాన్న మెదక్ వైపు ఒక గుడిలో అర్చకులు. ఆయన పోయేదాకా అమ్మ ప్రసాదాలు వండుతూనే బతికింది. నేనూ అలాగే పెరిగాను. చేపను మార్కెట్లో దూరం నుంచి చూడడమే తప్ప ముట్టుకున్నది లేదు.

టీకా కోసం వెళ్ళినప్పుడు డాక్టరమ్మ పాపను తూచి, పాత కాగితాలు తిరగేసింది.

"మూడు నెలల్నుంచి బరువు అక్కడే ఉందండీ. రక్తం కూడా తక్కువగా ఉంది. చుక్కల మందు రాస్తున్నాను. తిండిలో గుడ్డూ చేపా మొదలుపెట్టండి."

"చేపా?" అన్నాను.

"మీరు తినరా?"

"నేను తినను. వాళ్ళమ్మ తింటుంది."

"పాప ఎవరి పార్టీయో పాపే చెబుతుంది లెండి," అని నవ్వి, మందుల చీటీ వెనకే రాసిచ్చింది. సొర, వంజరం లాంటి పెద్ద సముద్రపు చేపలు వద్దు, వాటిలో పాదరసం చేరి ఉంటుంది. చిన్నది, తాజాది కావాలి. బాగా ఉడకాలి. మొదటిరోజు ఒక్క చెంచా పెట్టి, ఒంటిమీద దద్దుర్లు వస్తాయేమో చూడాలి. చివర్లో 'ముల్లు' అని రాసి కింద రెండు గీతలు గీసింది. నాకు ఇల్లు చేరేదాకా ఆ రెండు గీతలే కనబడ్డాయి.

అమ్మకు ఎలా చెప్పాలా అని దారంతా మాటలు కూర్చుకున్నాను. తీరా చెప్పాక ఆమె పాప జుట్టు సవరించింది.

"డాక్టరమ్మ చెప్పింది గద, పెట్టుర్రి. నా పొయ్యి మీద మాత్రం వద్దు. నా గిన్నెలు ముట్టొద్దు."

అలా మా బాల్కనీలో ఇంకో వంటిల్లు మొదలైంది. ఒక కరెంటు పొయ్యి, ఆవిరికి మూతున్న స్టీలు గిన్నె, ఒక కత్తి, ఒక పళ్ళెం కొన్నాను. వంట నేర్పుతానన్న నా భార్యకు సరిగ్గా అప్పుడే రాజమండ్రి దగ్గర ఇరవై రోజుల షూటింగ్ పడింది. "ఫోన్లో చెప్తాలే, నువ్వు చేసేస్తావు," అని పెట్టె సర్దుకుంది.

మొదటిసారి సులువైన దారి వెతికాను. డబ్బింగ్ అయ్యాక జూబ్లీహిల్స్‌లోనే ఏసీ వేసిన ఒక దుకాణంలో ముల్లు తీసేసిన ముక్కలని రాసున్న పొట్లం కొన్నాను. పసుపు రాసి ఆవిరి మీద ఉడికించి, పళ్ళెంలో వేసి, ఫోన్ గోడకు ఆనించి నా భార్యకు చూపించాను.

"వేళ్ళతో నొక్కి చూడు," అంది.

"ముల్లు లేదని రాశారుగా."

"రాసినవాళ్ళు తినిపించరు కదా? నొక్కు."

మూడో ముక్కలో బొటనవేలికి ఏదో గుచ్చుకుంది. వెంట్రుకంత సన్నటి ముల్లు. దాన్ని గోటిమీద పెట్టుకుని వెలుతురుకు పట్టి చూశాను. పాప కుర్చీలో కూర్చుని నోరు తెరిచి ఎదురుచూస్తోంది. నేనిక ఈ పని చెయ్యలేనన్నాను.

"ఈ పూటకి పప్పన్నం పెట్టెయ్," అంది ఆమె, తొందరేమీ లేనట్టు. "రేపు బోరబండ మార్కెట్‌కి వెళ్ళు. బతికున్న కొరమేను దొరుకుతుంది. అమ్మేవాళ్ళని అడుగు, సిగ్గుపడకు."

మర్నాడు పొద్దున పాపను ఎదకు కట్టుకుని ఆటో ఎక్కాను. మార్కెట్ మొదట్లోనే ఒక పెద్దావిడ నీళ్ళ తొట్టి ముందు కూర్చుని ఉంది. తొట్టిలో నల్లటి చేపలు కదులుతున్నాయి.

"ఏం గావాలె బిడ్డా?"

"చిన్నపిల్లకు పెట్టే చేప కావాలమ్మా."

ఆమె పాపను చూసింది, తర్వాత నన్ను. "నువ్వు తింటవా?"

"తినను. మా ఆవిడ తింటుంది."

"గందుకే గంత దూరం నిలబడ్డవ్. జర దగ్గరికి రా."

పక్కన గంపలో ఉన్న రవ్వ చేపను తీసి మొప్ప ఎత్తి చూపించింది. "గిట్ల ఎర్రగుండాలె. నల్లవడితే వద్దు. కన్ను ఉబ్బి మెరవాలె. ఏలితోని ఒత్తు, ఒత్తు, ఏం గాదు."

ఒత్తాను. చల్లగా, గట్టిగా ఉంది. వేలు తీయగానే గుంట పూడిపోయింది.

"గుంట అట్లనే ఉంటే పాతదన్నట్టు. గీ రవ్వ మంచిదే గని, సన్న ముండ్లు శాన. పిల్లకొద్దు. కొర్రమట్ట తీస్కో, గదే కొరమేను. నడుమ ముల్లు, పక్కల జరన్ని, అంతే. నా మనుమనికి గిదే పెట్టిన."

చేపను కోస్తున్నంతసేపూ నేను పక్కకు తిరిగి నిలబడ్డాను. పాప మాత్రం మెడ తిప్పి తిప్పి చూసింది. ఆమె తోలు తీసి, వీపు దగ్గరి మందమైన కండను వేరుగా కట్టిచ్చింది. "గిది పిల్లకు. తోక దిక్కుది మీ ఆమెకు. ఫికర్ చెయ్యకు, నాలుగు దినాల్ల చెయ్యి తిరుగుతది."

ఇంటికొచ్చి ఉప్పూ పసుపుతో కడిగి ఉడికించాను. కండ తెల్లబడి పొరలు పొరలుగా విడిపోయింది. చల్లారాక ఒక్కో పొరనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశాను. రెండు ముళ్ళు దొరికాయి. మళ్ళీ మొదటినుంచి నలుపుతున్నాను. వెనక అడుగుల చప్పుడైంది. అమ్మ బాల్కనీ గుమ్మం దగ్గర, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడింది. కళ్ళద్దాలు పెట్టుకుని ఉంది.

"ఎడమ దిక్కు. ఆ చిన్న ముక్కల ఇంకొకటున్నది."

నాకు కనబడలేదు. నలిపితే నిజంగానే ఉంది.

"నీకెట్ల కనబడ్డదమ్మా?"

"యాభై ఏండ్లు బియ్యంల రాళ్ళు ఏరిన. ఇదీ అంతే," అంది. ఆమె లోపలికి వెళ్ళలేదు, అక్కడే పీట వేసుకుని కూర్చుంది.

మెత్తటి అన్నంలో చెంచాడు చేప కలిపి పెట్టాను. పాప నోట్లో తిప్పి, నా చొక్కా మీద ఉమ్మింది. రెండు రోజులాగి మళ్ళీ పెట్టాను. ఈసారి మింగింది. దద్దుర్లేమీ రాలేదు. మూడోసారి చెంచా నా చేతిలోంచి లాక్కుంది. ఆరోజు డబ్బింగ్ గదిలో మైకు సర్దుతూ ఇంజినీరు ముక్కు ఎగబీల్చాడు. "ఏందన్నా, ఇంట్ల చేపల కూరనా?" అన్నాడు. నిమ్మకాయ రుద్దినా పోలేదన్నాను. అలా చెప్పడంలో నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

షూటింగ్ నుంచి నా భార్య తిరిగొచ్చిన మధ్యాహ్నం, ఆ పొద్దునే బోరబండ నుంచి తెచ్చిన చేప తోక ముక్కలు ఆమె కోసం బాల్కనీలోనే వేయించాను. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆమె మా ఇంట్లో చేప తినలేదు. తినాలనిపిస్తే బయట తినొచ్చేది. ఎవరూ అడగకుండానే, అమ్మ మీద గౌరవంతో. పళ్ళెం చేతిలో పెట్టుకుని అమ్మ వైపు చూసింది.

"అత్తయ్యా, లోపలికి వాసన వస్తుందేమోనండీ."

"కిటికీ తెరిచిన. తిను బిడ్డా, సల్లారుతది," అంది అమ్మ.

నా భార్య తల వంచుకుని తింది. కాస్త ఎక్కువసేపే వంచుకుంది.

రెండు నెలల తర్వాత తూచినప్పుడు పాప బరువు పెరిగింది. రక్తం ఇంకా కొంచెం పెరగాలి, మందు ఆపొద్దంది డాక్టరమ్మ. ఆ వారమే కింది వాటాలో ఉండే డాన్సర్ అమ్మాయి, ఏడాది బాబును చంకనేసుకుని మెట్లెక్కి వచ్చింది. "అన్నయ్యా, మీరు చేప ఎలా చేస్తారో చూపిస్తారా? నాకు ముళ్ళంటే భయమండీ," అంది. అమ్మ ఆ అమ్మాయికి పీట వేసి, తన కళ్ళద్దాలు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళింది. నేను గిన్నెలో నీళ్ళు పోశాను.