చాచా అరచెయ్యి

నల్లగొండ బస్టాండు పక్కన ఇంటర్నెట్ సెంటర్ నడిపే చాచాకు ఇంగ్లీషు చదవడం రాదు. అయినా తెర మీద గిరాకీకి అవసరమైనదేదో వచ్చిందనిపిస్తే చాలు, బాల్‌పెన్నుతో ఎడమ అరచేతిలో బొమ్మ గీసినట్టు దించుకునేవాడు. "కరెంటును ఎన్నడు నమ్మొద్దు సార్" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి.

మా పాపకు మూర్ఛలు. అలాంటి పిల్లల తల్లిదండ్రులు న్యూస్‌గ్రూపు అనే ఒక ఇంటర్నెట్ చర్చావేదికలో నా ప్రశ్నలకు జవాబులు రాసేవారు. చాచా సెంటర్‌కు నెట్టిచ్చే కంపెనీ ఆ న్యూస్‌గ్రూపుల ఉచిత సేవను ఆ రోజు సాయంత్రంతో ఆపేస్తోంది. ఇకమీదట మిమ్మల్ని ఏ సర్వర్‌లో వెతకాలని అడిగి, జవాబు కోసం కూర్చున్నాను.

ఇంతలో ఒకాయన లోపలికొచ్చాడు. "నెట్టు బంద్ చెయ్యుండ్రి. నెట్టుకు, ఫోనుకు ఉన్నది ఒక్కటే లైను, దవాఖానకు ఫోన్ చెయ్యాలె."

"రెండు నిమిషాలు ఆగండి."

"గాడ నా భార్య ఉన్నది సార్."

నేనింకా అతని వైపు తిరిగి బతిమాలుతుండగానే ఫ్యాను ఆగింది. వెనక్కి చూస్తే తెర నల్లగా ఉంది. జవాబు వచ్చిందో రాలేదో కూడా తెలియదు.

చాచా ఫోన్ అతని చేతికిచ్చి, నా ముందు అరచెయ్యి చాపాడు. "జల్ది రాసుకోండ్రి సార్, చెమటకు పోతాంది."

ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని, చదవకుండానే, నేనూ బొమ్మ గీసినట్టు దించుకున్నాను.