బొట్టు తుడిచిన హాన్సెన్ గారు

నిన్న కోలారులో మా కోడలు కొత్త స్కూటర్ కొన్నది. చక్రం కింద నిమ్మకాయ నలగగానే పులుపు వాసన, కొత్త రబ్బరు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. అందరూ దండం పెట్టుకుంటుంటే నాకు నవ్వాగలేదు. హాన్సెన్ గారు గుర్తొచ్చారు.

ఆయనది నార్వే. మా కోలారు బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాత, బండకు రంధ్రాలు వేసే డ్రిల్లు యంత్రాలు అమ్ముకుందామని కేజీఎఫ్ వచ్చి, అక్కడి రాబర్ట్‌సన్‌పేటలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఆ గదిలో నేను టైపిస్టుని. నాన్న గనిలో పని మానేశాక ఇల్లు గడిచేది నా జీతంతోనే. ఎంతకాలమైనా ఒక్క యంత్రమూ అమ్ముడుపోలేదు. చివరికి గనివాళ్లు ఒకదాన్ని లోపలికి దింపి చూస్తామన్నారు. కార్మికులు బాగుందంటే కొంటారు, లేదంటే మా ఆఫీసుకు తాళమే. నాకు అన్నం సయించలేదు.

ఆ పొద్దున గనివాళ్ల ఇళ్ల వరసలో, మా లైన్లోనే ఉండే మునెప్ప మామ, అతని జట్టు గనిలోకి దిగే షాఫ్టు దగ్గర యంత్రానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, టీ తాగడానికి వెళ్లారు. అంతలో హాన్సెన్ గారు, ఆయన వెనకాల కాగితాలతో నేను వచ్చాం. సరుకు తళతళలాడాలన్నది ఆయన పట్టుదల. ఎవరో మురికి చేశారనుకుని, జేబురుమాలు తీసి శుభ్రంగా తుడిచేశారు. నేను పరుగెత్తేలోపే అంతా అయిపోయింది.

"ఏమ్మా కమలా, మీ దొర బొట్టు తుడిచేసినాడే!" టీ తాగి తిరిగొచ్చిన మామ నామీద కేకేశాడు. "యాడైనా ఇట్ల చేస్తారా? ఇంగ దీన్ని పట్టుకొని కిందికి ఎట్ల పోయేది? మేం ముట్టం."

పసుపంటిన రుమాలుతో ఆయన బిత్తరపోయి నిలబడ్డారు. నేను సంగతి చెప్పాను. ఇంకొకరైతే గని మేనేజరు దగ్గరికి పోయేవారు. ఈయన టోపీ తీసి, మామ ఎదుటికి వెళ్లి, వచ్చీరాని తెలుగులో, "తప్పు నాది. నాకు తెలీదు. నేర్పించు అప్పా" అన్నారు.

మామ పసుపు గిన్నె ఆయన చేతికిచ్చాడు. ఆయన ఎంత శ్రద్ధగా రాశారంటే, యంత్రంతో పాటు మోచేతులూ ముక్కూ పచ్చబడ్డాయి. కొబ్బరికాయ ఒకపట్టాన పగల్లేదు. పగిలాక నీళ్లన్నీ చొక్కా మీదే! జట్టంతా విరగబడి నవ్వింది.

"చాలు సామీ, ఇంగ మేం చూసుకుంటాం" అని మామ యంత్రాన్ని భుజానికెత్తుకున్నాడు.

షిఫ్టు ముగిసేదాకా ఆయన ముఖమైనా కడుక్కోకుండా నాతోపాటు పైనే కాచుకున్నారు. మనుషుల్ని పైకి తెచ్చే బోను ఆగింది. దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో మామ బయటికొచ్చి, "దీన్ని మళ్లీ తీసుకపోవద్దని చెప్పమ్మా. బాగుండాది. మాకే ఉండనీ" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. హాన్సెన్ గారు మామని గట్టిగా కౌగిలించుకున్నారు.

మర్నాడు ఆయన నా బల్ల దగ్గరికొచ్చి, "టైపు ఇంకెవరైనా చేస్తారు. ఇకమీదట గనులకు నువ్వూ రావాలి" అన్నారు. అలా నేనూ యంత్రాలు అమ్మడంలో పడి, ఎన్నో ఊళ్లు తిరిగాను. ఏ కార్ఖానాకు వెళ్లినా మేనేజరు గదికన్నా ముందు పని జరిగే చోటికే వెళ్లేదాన్ని. తెలియనిది తెలియదని అక్కడే చెప్పేసేదాన్ని. ఈ వయసులోనూ ఎక్కడికి వెళ్లినా అదే అలవాటు. తెలియదని చెప్పిన ప్రతిచోటా ఎవరో ఒకరు నవ్వి, కాస్త పక్కకు జరిగి, నాకు చోటిచ్చారు.