కంప్యూటరు మీద పడని నీళ్లు

ఒక అబద్ధాన్ని ముప్పై ఏళ్లకు పైగా మోస్తున్నాను. పెద్దదేమీ కాదు, నాలుగు మాటలు. దానివల్ల ఎవరూ చనిపోలేదు. పోలీసుల దాకా వెళ్లేదీ కాదు. అయినా పనిలో ఉండగా, అన్నం తింటుండగా, ఊరికే కూర్చుని ఉండగా ఆ మాటలు అన్న గొంతు వినిపిస్తుంది. అది నా గొంతే. మా ఆవిడకి కూడా ఈ సంగతి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

ఎనభైల్లో నాకు నందిగామలో రేడియోలు, టీవీలు బాగుచేసే షాపు ఉండేది. పని బాగా వచ్చు. వచ్చని అందరూ అనేవాళ్లు కూడా. అదే నన్ను చెడగొట్టిందా? ఏమో. ‘నాకు తెలియదు’ అనే మాట నా నోటి నుంచి రావడం మాత్రం అప్పటికే మానేసింది.

ఒక వేసవి పొద్దున జగ్గయ్యపేట నుంచి మస్తాన్ అనే అతను వచ్చాడు. అక్కడ సైకిల్ షాపు నడిపేవాడు. వాళ్లావిడ జమీలా ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఆవిడ అన్న గల్ఫ్‌లో డ్రైవరు. సెలవుకి వచ్చినప్పుడు చెల్లెలికని ఒక కంప్యూటరు తెచ్చాడట, టీవీకి తగిలించుకునే రకం. నాలుగు రోజులుగా అది ఆన్ కావడం లేదు, వచ్చి చూడమన్నాడు. అంతవరకూ నేను కంప్యూటరును కళ్లతో చూడలేదు. ఆ ముక్క చెప్పాలి కదా? చెప్పలేదు. సంచి భుజాన వేసుకుని అతనితో బస్సెక్కాను.

బస్సు చిల్లకల్లు దగ్గర జగ్గయ్యపేట రోడ్డులోకి తిరిగేదాకా మస్తాన్ భార్య గురించే చెప్పాడు. కంప్యూటరుతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి, ఎవరూ నేర్పకుండానే నేర్చుకుందట. టెన్త్ పిల్లల మార్కులన్నీ అందులోనే వేస్తుందట. సెలవుల్లో పిల్లలకు కంప్యూటరు నేర్పడానికి బెజవాడలో ఎవరో ఆవిడను అడిగారట. సోమవారం దాన్ని తీసుకుని వచ్చి తను చేసినవి చూపించమన్నారట. చెబుతున్నంతసేపూ అతని ముఖం వెలిగిపోతూనే ఉంది.

కంప్యూటరు నల్లగా, పలక కంటే కాస్త పెద్దగా ఉంది. మీద రబ్బరు మీటలు. దుమ్ము పడకుండా ఆవిడ కుట్టుపని చేసిన గుడ్డ కప్పింది. అడాప్టరు వైరును పిన్ను దగ్గర ఒక పక్కకు వంచి పట్టుకుంటే నాలుగు రోజుల కిందటిదాకా వచ్చేదనీ, ఇప్పుడు అలా పట్టుకున్నా రావడం లేదనీ చెప్పింది. జబ్బు ఎక్కడుందో వేలు పెట్టి చూపించినట్టు చెప్పింది. నేను విన్నానా? ఇరుగుపొరుగు వాళ్లు ఐదారుగురు గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నారు. వాళ్ల ముందు ఒక లెక్కల టీచరు నాకు జబ్బు చెప్పడమేమిటి అనుకున్నాను. అడాప్టరే పోయిందన్నాను. నా సంచిలోంచి టేప్ రికార్డరు అడాప్టరు తీశాను. అదీ తొమ్మిది వోల్టులే, పిన్నూ సరిపోయింది. కానీ నా దానికి పిన్ను లోపలివైపు ప్లస్సు, కంప్యూటరుకి లోపలివైపు మైనస్సు కావాలి. ఆ సంగతి దాని అడుగున చిన్న బొమ్మ వేసి చూపించారు కూడా. నేను తిప్పి చూడలేదు. మీటరు పెట్టలేదు. గుచ్చేశాను.

టిక్ మని చిన్న చప్పుడు. సన్నగా కాలిన వాసన. అప్పుడు ఆవిడ కంప్యూటరు బొమ్మ పడేలా టీవీ స్టేషను తిప్పుతోంది. వంటింట్లోంచి తాలింపు వాసన వస్తోంది. ఎవరూ పట్టించుకోలేదు. బోర్డు కాలిందని నాకు ఒక్కడికే తెలుసు.

పిన్ను లాగేశాను. స్క్రూలు విప్పి, లోపల తల పెట్టి చాలాసేపు చూస్తున్నట్టు నటించాను.

“లోపల నీళ్లు పడ్డాయి టీచర్ గారూ. బోర్డు పోయింది,” అన్నాను.

“నేను దీని దగ్గర నీళ్లు పెట్టనండీ.”

“ఎప్పుడో పడుంటాయి. మీరు చూసుకుని ఉండరు.”

ఆవిడ బల్ల మీద వేలితో రుద్ది చూసుకుంది. “మొన్నామధ్య టీ గ్లాసు ఇక్కడే పెట్టా. ఏమో, ఒలికిందేమో,” అంది.

నా అబద్ధానికి సాక్ష్యం ఆవిడే వెతికి ఇచ్చింది. అప్పుడైనా నోరు విప్పి ఉండాల్సింది. ఆవిడ లోపలికి వెళ్లి ఉత్తరం కాగితం, పెన్ను తెచ్చుకుంది.

“ఏం పాడైందో సరిగ్గా చెప్పండన్నయ్యా. మా అన్నకి రాయాలి.”

చెప్పాను. నేను చెప్పింది చెప్పినట్టు గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. మస్తాన్ ఆవిడని ఒక్క మాట కూడా అనలేదు. భోజనం చేసి వెళ్లమన్నారు. తిన్నాను కూడా.

పనికి రాదు కదా అని వాళ్ల అడాప్టరు నాకే ఇచ్చేశారు. మర్నాడు షాపులో విప్పి చూశాను. ఆవిడ వంచి పట్టుకునే చోటే లోపల తీగ తెగి ఉంది. అతకడానికి రెండు నిమిషాలు పట్టలేదు. సోమవారానికి ఇంకా మూడు రోజులున్నాయి. వెళ్లి చెప్పి ఉంటే ఆవిడ ఉత్త చేతులతోనైనా బెజవాడ వెళ్లేదా? బహుశా వెళ్లేది. అక్కడ వేరే కంప్యూటరు ఉండే ఉంటుంది కదా. నేను వెళ్లలేదు. ఉన్న కంప్యూటరునే పాడుచేసుకున్నదాన్ని, పిల్లలకేం నేర్పుతానని ఆవిడ రానని కబురు పెట్టిందని తర్వాత మస్తానే చెప్పాడు.

రెండేళ్ల తర్వాత ఇద్దరూ మిక్సీ పట్టుకుని నా షాపుకి వచ్చారు. బాగుచేసి, స్విచ్ వేసి చూడమని ఆవిడతో అన్నాను. ఆవిడ చేతులు కొంగులో దాచుకుని మస్తాన్ వైపు చూసింది. అతనే వేశాడు.

“నా చేతికి మిషన్లు పడవన్నయ్యా. అప్పుడు మీరే చూశారుగా,” అంది నవ్వుతూ.

కోపంగా అని ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో. ఆ నవ్వే నన్ను వదలడం లేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ పెట్టెని లొంగదీసిన మనిషి మిక్సీ స్విచ్‌కి భయపడుతోంది. ఆ భయం నేను పెట్టింది. షాపులో మేం ముగ్గురమే ఉన్నాం. మిక్సీ బాగానే తిరుగుతోందన్నాను.

ఆవిడ ఇప్పటికీ పేటలోనే ఉంది. రెండు మూడు సార్లు వాళ్ల వీధి మొదటిదాకా వెళ్లి తిరిగొచ్చాను. చెబితే ఆవిడకి ఏం తిరిగొస్తుంది? లేక ఆవిడ నన్ను క్షమిస్తుందనే ఆశతోనే వెళ్దామనుకుంటున్నానా? ఆవిడ క్షమ నాకు అక్కర్లేదంటే అది ఇంకో అబద్ధం. అడిగే హక్కుందా అంటే, లేదు.

జమీలా టీచరు చెప్పిందే నిజం. వైరు తెగింది, అంతే. కంప్యూటరును కాల్చింది నేను. ఆవిడే పాడుచేసిందని ఆవిడనే నమ్మించింది కూడా నేనే. ఈ మాటలు కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి.