నల్లులకు పెట్టిన పొగ

ఆ కాలంలో ఆదోనిలో బాడుగకు గది దొరకడం కన్నా పిల్లనిచ్చే మామ దొరకడమే సులువు. నాకు రెండూ ఒకే ఏడాది దొరికాయి గానీ, గదిలోకి పిల్ల వచ్చేలోగా నల్లులు వచ్చాయి. ఇప్పటివాళ్ళకు నల్లి అంటే బొమ్మ గీసి చూపించాలేమో. మాకు ఆ శ్రమ లేదు. సినిమాహాలు కుర్చీలో, బస్సు సీటులో, గొప్పవాళ్ళ ఇంటి సోఫాలో, ఎక్కడికి పోయినా అవి మాకన్నా ముందే వచ్చి కూర్చుని ఉండేవి. అయినా 'మా ఇంట్లో నల్లులున్నాయి' అని నోరు విప్పి చెప్పిన మనిషిని నేనెరగను. దొంగతనం చేశానని ఒప్పుకునేవాడైనా ఉండేవాడేమో గానీ, అది మాత్రం ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

నాకప్పుడు ఇరవై దాటి ఒకటి రెండేళ్ళు. ఎమ్మిగనూరు నుంచి వచ్చి ఒక దూది వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరాను. ఆయన్ని అందరూ శెట్టి అనేవారు. ఆయన మిద్దెలో కింద దూది గోదాము, పైన చెక్క పలకల నేల మీద అయిదు కాపురాలు. అందులో చివరి గది నాకిచ్చాడు. అంటే తినే తిండీ ఆయనదే, తలదాచుకునే చోటూ ఆయనదే. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, మిద్దె మీద నిప్పు కనబడకూడదు. మెట్ల మీద బీడీ ముట్టించినా సరే, మర్నాటికి సామాను వీధిలో ఉంటుంది. వంటలన్నీ వెనకవైపు రేకుల కొట్టంలోనే.

నా నవారు మంచంలో నల్లులున్నాయని మొదటి వారంలోనే తెలిసింది. మంచం ఎండకేశాను, మంచంకోళ్ళ సందుల్లో కిరసనాయిలు పోశాను, మరిగే నీళ్ళు పోసి కాలు కాల్చుకున్నాను. (నల్లులకేమీ కాలేదు.) మధ్యాహ్నం మంచం మోసుకుని మిద్దె పైకి పోతే, అక్కడ అప్పటికే మూడు మంచాలు ఎండుతూ ఉండేవి. "ఏమక్కా, మీ ఇంట్లో కూడానా?" అని ఎదురు గది అక్కను అడిగితే, ఆమె మండిపడింది. "మా ఇంట్లో అట్లాంటివి లేవప్పా! చెమ్మ పట్టినాదని ఎండకేసినా." మే నెలలో ఆదోనిలో చెమ్మ! నేనూ మర్యాదకు తలూపాను.

అంతలో కోడుమూరు దగ్గరి మా అత్తగారి ఊరి నుంచి కబురు వచ్చింది, గురువారం పిల్లను కాపురానికి తీసుకుని వాళ్ళ జేజి వస్తోందని. జేజి అంటే నా భార్యకు నాయనమ్మ. పెళ్ళిలో ఆమె నన్ను ఎద్దును బేరమాడినట్టు చుట్టూ తిరిగి చూసింది. అలాంటి మనిషి నా మంచం మీద పడుకుని, తెల్లారి లేచి, "ఈ కొంపలో మా పిల్ల ఉండదు" అని వెనక్కు తీసుకుపోతే? అన్నం సయించలేదు. నా అవస్థ చూసి గోదాములోని కళ్ళజోడు గుమాస్తా చెవిలో చెప్పాడు. "తలుపులు మూసి గంధకం కాల్చు. ఒక్కటి మిగిలితే నన్నడుగు."

బుధవారం మధ్యాహ్నం పెద్ద పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో ఇనుప మూకుడు పెట్టి, గంధకం ముట్టించాను. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, తాళం వేసి, ఏమీ ఎరగనట్టు వీధి అవతల టీకొట్టులో కూర్చున్నాను. సందులన్నీ మూశాననుకున్నాను గానీ, నేలకు సందులుంటాయని తోచలేదు.

గ్లాసు సగం కాకముందే గోదాములోంచి హమాలీలు దగ్గుతూ బయటికి పరుగెత్తారు. "శెట్టీ! మిద్దె మీంద నుంచి పొగ వస్తాండాది! నిప్పు! నిప్పు!" ఆదోనిలో దూది పక్కన ఆ మాట వింటే చచ్చినవాడు కూడా లేచి పరుగెత్తుతాడు. బిందెలు, బక్కెట్లు, అరుపులు. "గుమాస్తా గదప్పా! తాళమేసుకొని యాడికి పోయినాడో!" అని ఎదురు గది అక్క రొమ్ము బాదుకుంటోంది. శెట్టి చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చి, వీధి మధ్య కూలబడ్డాడు. "నా బతుకు కాలిపోతాండాది రా!"

సగం టీ అక్కడే వదిలేసి లేచాను. అది నిప్పు కాదు, పొగేనని నాకు తెలుసు. కానీ నిజంగా తెలుసా? మూకుడు ఒరిగి ఉంటే? పరుపు అంటుకుని ఉంటే? కింద ఊరంత దూది. ఆ ఆలోచనతోనే మెట్లెక్కాను. రెండోసారికి గానీ తాళం తెరుచుకోలేదు. తలుపు తీయగానే పొగ మొహం మీద కొట్టింది. కళ్ళు మూసుకుని తడుముకుంటూ పోయి కిటికీ తోశాను. మూకుడు నీళ్ళలోనే ఉంది, మంచం మంచంలాగే ఉంది. అక్కడే కూర్చుని ఏడ్చాను. (పొగ వల్ల అని తర్వాత అందరికీ చెప్పాను.)

కిందికి దిగి, "నిప్పు కాదు శెట్టీ... గంధకం. నల్లులకు..." అన్నాను. ఆయన లేచి నిలబడ్డాడు. "నా దూది మీద గంధకమా? తీయ్ నీ మంచం! రేపట్నుంచి పనికి కూడా రావద్దు!"

సరిగ్గా అప్పుడే గుంపు వెనక జట్కా ఆగి ఉండటం చూశాను. అందులో జేజి, పక్కన మొహమంతా భయంగా నా భార్య. (గురువారం అష్టమి అని జేజికి తర్వాత తట్టిందట, ఒకరోజు ముందే బయల్దేరింది.) జేజి దిగి, జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"ఏమైనాదప్పా?"

"నల్లులకు పొగ పెట్టినాడంట అవ్వా," అన్నారెవరో.

"ఓస్, నల్లులకా! మరి నల్లులుండే మిద్దెను బాడుగకిచ్చిన మహానుభావుడెవురు?"

శెట్టి ఎర్రబడ్డాడు. "నా మిద్దెలో నల్లులా? ఇన్నాళ్ళలో ఒక్కరన్నా సెప్పినారా?"

ఎదురు గది అక్క చేతిలో బక్కెట్టు కింద పెట్టి, నేల చూస్తూ గొణిగింది. "ఉండాయి శెట్టీ. మా ఇంట్లోనూ ఉండాయి." "మా ఇంట్లోనూ," అన్నాడు మధ్య గది ఆయన. అందరూ నెమ్మదిగా బయటపడ్డారు. చివరికి అరుపులకు ఇంట్లోంచి వచ్చిన శెట్టి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది, "మన ఇంట్లో మాత్రం లేవా ఏమి?"

హమాలీలు పగలబడి నవ్వారు. శెట్టి నవ్వలేదు గానీ, జట్కాలో బిక్కచచ్చి కూర్చున్న పిల్లను చూసి గొంతు తగ్గించాడు. "ఆ పాప మొగం చూసి ఊరుకుంటాండా. ఇంకోసారి నిప్పంటే నిన్నే మూకుట్లో పెడతా, పో."

గదిలో కాలు పెట్టలేనంత వాసన. ముగ్గురం మిద్దె పైన నీడలో కూర్చున్నాం. జేజి కొంగు పరుచుకుని కునుకు తీసింది. నేను తల వంచుకుని గోళ్ళు చూసుకుంటున్నాను. అప్పుడు నా భార్య నాతో మొట్టమొదటిసారి నోరు విప్పింది, జేజికి వినబడనంత చిన్నగా.

"నేను తెచ్చిన పరుపులో కూడా ఉండాయి. మీరు చూస్తే ఏమంటారోనని దారి పొడుగునా భయపడుకుంటా వచ్చినా."

ఇద్దరం జేజి వైపు చూసి, నోళ్ళు మూసుకుని నవ్వాం. ఇంత వయసొచ్చాక, లోకంలో నల్లులన్నీ తన మంచంలోనే ఉన్నాయనుకుని తిండి మానేసిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే జాలేస్తుంది. వాడిప్పుడు ఎదురైతే ఏమీ తిట్టను. పక్కన కూర్చోబెట్టుకుని, ఆ టీ పూర్తిగా తాగమంటాను.