హ్యాండిల్‌కు వేలాడిన సీతాఫలాలు

అరవై తొమ్మిది తెలంగాణ లొల్లి సద్దుమణిగి బడులు తెరిచినంక, జనగామ నుంచి దేవరుప్పుల తొవ్వల ఉన్న బడికి నేను బస్సుల పోయేటోన్ని. తోటి సారు సైకిల్ మీద వచ్చేటోడు. ఆయన హ్యాండిల్‌కు రోజూ మక్కకంకులో, సీతాఫలాలో వేలాడుతుండేటివి. తొవ్వ పొడుగూత చేన్లోళ్లు పిలిచి ఇస్తరట! నా కడుపు మండిపోయేది.

నాకూ సైకిల్ ఉండె. దసరాకు దాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దండేసి, మళ్ల గోడకు ఆనిచ్చేటోన్ని. ఎందుకు తొక్కవంటే ఎండ అనేటోన్ని, ఎదురుగాలి అనేటోన్ని, మోకాలు నొప్పి అనేటోన్ని.

దసరా సెలవులైనంక ఓ పొద్దు మా ఇంట్లనే సీతాఫలాలు కనబడ్డయి. "మీ సైకిల్ సారు ఇచ్చిపోయిండు. ఎంత మంచోడో!" అన్నది నా భార్య. ఇగ నాతోని కాలే. తెల్లారంగనే ఎండిన దండ తెంపి పారేసి సైకిల్ ఎక్కిన.

సగం తొవ్వల, చేను గట్టు మీద ఓ అవ్వ చెయ్యెత్తి ఆపింది. చేతిల సంచి నిండ సీతాఫలాలు. మురిసిపోయి దిగిన.

"నువ్వు గుడ ఆ బడి సారువేనా బిడ్డా?" అన్నది.

"అవునవ్వా."

సంచి నా హ్యాండిల్‌కు తగిలించింది. "కాయలు తెంపేలోపల్నే ఆయన పోయిండు. గివి ఆ సైకిల్ సారుకియ్యి" అన్నది.

మరి నేనెక్కింది ఏంది, ఎడ్లబండా?