పంతొమ్మిది ఒకట్ల పందెం

1996. రాజమండ్రిలో మూడు కంప్యూటర్లు పెట్టుకుని కోచింగ్ సెంటర్ నడుపుతున్న రోజులు. ఎండాకాలం. కరెంటు చెప్పకుండా పోయేది. యూపీఎస్ అంటే అప్పుడు మిషన్ను కాసేపు నిలబెట్టే బ్యాటరీ పెట్టె. మా దానికి ఆయువు మరీ తక్కువ.

ఒక ఉదయం సుగుణ టీచరుగారు వచ్చారు. చర్చివాళ్ళ బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి.

“బాబూ, ఒకటి అంకెను పంతొమ్మిది సార్లు పక్కపక్కనే రాస్తే వచ్చేది ప్రధాన సంఖ్య అవునో కాదో చెప్పాలి,” అన్నారు. ఒకటీ, తానూ తప్ప మరేదీ నిశ్శేషంగా భాగించలేనిది ప్రధాన సంఖ్య.

“ఇప్పుడెందుకండీ ఇది?”

“మా ఆయనా మాస్టారే. ఆయనకీ నాకూ పందెం. ఏదో ఒకటి భాగిస్తుందని ఆయన, భాగించదని నేను. సాయంత్రాలు ఇద్దరం కూర్చుని భాగహారాలు చేసేవాళ్ళం. కిందటేడు ఆయన పోయారు. నాకేమో చూపు ఆనడం లేదు. ఇది తేలకుండానే పోతానేమోనని బెంగ.”

“కాఫీ తాగేలోపు చెప్పేస్తానండీ,” అని గొప్పలు పోయాను.

టర్బో సీ అనే ప్రోగ్రాములు రాసే సాధనంలో లూప్ రాశాను. లూప్ అంటే ఒకే పనిని మిషన్ చేత మళ్ళీ మళ్ళీ చేయించే ఏర్పాటు. మూడు, ఐదు, ఏడు అంటూ బేసి సంఖ్యలన్నిటితో భాగించమన్నాను. మధ్యాహ్నమైనా తేలలేదు, ఇంతలో కరెంటు పోయింది. మర్నాడూ అదే కథ. ఎక్కడిదాకా వచ్చిందో దాచుకోవాలన్న బుద్ధి పుట్టలేదు కనక ప్రతిసారీ మూడు నుంచే మొదలు.

ఆ తర్వాతి రోజు ఆవిడ నా వెనక నిలబడి, “ఇంతకీ వేటితో భాగిస్తున్నావు?” అన్నారు.

“అన్నిటితోనండి.”

ఆవిడ పకపకా నవ్వారు. “ఊళ్ళో అందరి తలుపులూ కొడుతున్నావా! దీన్ని భాగించేదంటూ ఉంటే, అది ముప్పై ఎనిమిది గుణిజానికి ఒకటి కలిపినదే అయ్యుండాలి. ముప్పై తొమ్మిది, డెబ్భై ఏడు, నూట పదిహేను, అలా పో.”

“ముందే చెప్పొచ్చు కదండీ!”

“నువ్వడిగావా?”

లూప్ మార్చాను. ఆ రోజు కరెంటు కనికరించింది. గంట దాటాక తెరమీద జవాబు వచ్చింది: భాగించేది లేదు.

“మీరే గెలిచారండీ!” అని అరిచాను.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఆయన గెలిచినా బాగుండేది బాబూ. పాపం, ఎంత ఆశపడేవారో,” అన్నారు.

మర్నాడు ఆత్రేయపురం పూతరేకుల పొట్లం తెచ్చి నా బల్లమీద పెట్టారు.

“ఓడినవాళ్ళు కొనాలని పందెం. ఆయన తరఫున నేనే కొన్నాను. నువ్వూ తిను.”

తర్వాత చాలామంది రకరకాల పనులతో వచ్చారు. మిషన్ ఆన్ చేసేముందు వాళ్ళకు కుర్చీ వేసి, “మీకు తెలిసింది ముందు చెప్పండి” అని అడగడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆ మిషన్లు ఏనాడో పాతసామానుకి పోయాయి. పూతరేకు నోట్లో పెట్టుకున్నప్పుడల్లా మాత్రం, నేనెన్నడూ చూడని ఆ మాస్టారు భాగహారం చేస్తూ కనిపిస్తారు, ఎదురుగా టీచరుగారు “కుదరదండీ” అంటూ ఉంటారు.