సైమీ పరిచిన జంపఖానాలు

సైమీ కంగాస్‌ది మా వీధే. మా ఊరు హిబ్బింగ్ బడిలో వంట చేసి రిటైరైంది. నా భార్య ఆసుపత్రిలో ఉన్న చలికాలమంతా మా పిల్లలకు తిండి పెట్టి, నిద్రపుచ్చింది ఆమే. ఆ రుణం ఎలా తీరుతుందో నాకిప్పటికీ తెలియదు. పాతబట్టల పీలికలతో జంపఖానాలు నేయడమంటే ఆమెకు పిచ్చి. ఊళ్లో ఆమె జంపఖానా లేని ఇల్లుందంటే, ఆ ఇంటివాళ్లు ఆమెతో పోట్లాడి ఉండాలి.

ఈ జనవరిలో సైమీ, తుంటి ఆపరేషనైన స్నేహితురాలు హిల్యాను ఇంటికి తెచ్చుకుంది. హిల్యాకు నా అన్నవాళ్లు లేరు. ఇల్లు వెచ్చగా లేకపోతే ఆమెను డులూత్ నగరంలోని వృద్ధాశ్రమానికి పంపాల్సిందేనని ఆసుపత్రి నర్సు తేల్చి చెప్పింది. తీరా నర్సు చూడ్డానికొచ్చే రోజునే ఇల్లంతటికీ వెచ్చగాలి పంపే ఫర్నేస్ మొండికేసింది. ఫర్నేసులు బాగుచేయడం నా పని కాబట్టి సైమీ నాకు ఫోన్ చేసింది.

నేను వెళ్లేసరికి హిల్యా దుప్పట్లన్నీ కప్పుకుని కూర్చుంది.

"చూడబ్బాయ్, కాసేపు వెచ్చగాలి, ఆ తర్వాత ఒకటే చల్లగాలి. నన్ను చేపలా ఐసులో పెట్టి దాచుకుందామనుకుంటోంది ఇది," అంది.

"నీ నోరు మాత్రం గడ్డకట్టలేదు కదే," అంది సైమీ.

ఫర్నేస్ ఉన్న సెల్లార్‌లోకి దిగి చూశాను. మంట అంటుకుంది. మంటపైనున్న ఇనుప పెట్టె కాగేదాకా ఆగి ఫ్యాను తిరగడం మొదలెట్టింది. అంతవరకూ పద్ధతిగానే ఉంది. కాసేపటికే మంట ఆరిపోయింది, ఫ్యాను మాత్రం ఆగలేదు. పైకొచ్చి నేల చూస్తే గదినిండా జంపఖానాలే.

"ఇవెప్పుడు పరిచారు, సైమీ గారూ?"

"నిన్న రాత్రే. దీని కాళ్లకు చలి తగలకూడదని."

"నేలలోంచి వెచ్చగాలి వచ్చే జాలీలన్నీ వీటికింద మూసుకుపోయాయండీ. వేడి బయటికి రాక పెట్టె మరీ కాగితే మంట దానంతటదే ఆరిపోతుంది. పెట్టె చల్లారేదాకా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. మీకొచ్చే చల్లగాలి అదే."

సైమీ కుర్చీలో కూలబడింది. "అయితే దీన్ని చలిలో పెట్టింది నేనేనన్నమాట."

హిల్యా దెప్పుతుందనుకున్నాను. కానీ ఆమె నేలమీది జంపఖానాలనే చూస్తూ కూర్చుంది.

జంపఖానాలన్నీ చుట్టి పక్కన పెట్టాను. మంట మళ్లీ అంటుకుంది, ఈసారి మధ్యలో ఆరలేదు. నర్సు వచ్చేసరికి ఇల్లు వేడెక్కింది. ఆమె చుట్టూ చూసి, "ఇక్కడ మీకు బాగుందా? డులూత్‌లో ఇంతకన్నా సౌకర్యంగా ఉంటుంది," అని హిల్యాను అడిగింది.

సైమీ హిల్యా వైపే చూసింది.

"ఎక్కడికీ వెళ్లనమ్మా," అంది హిల్యా. "నా కాళ్లకు చలేస్తుందని తను నేసినవన్నీ నేలమీద పరిచింది. ఇలాంటి మనిషి నాకింకెక్కడ దొరుకుతుంది?"

సైమీ వెళ్లి హిల్యా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.